నాలుక లేకుండా వండిన క్రోకెట్లు

దుబాయ్ వెళ్ళబోయే ఆడవాళ్ళు నా దగ్గరికొచ్చి మొదట అడిగేది ఒకటే. “ఆంటీ, అక్కడికి ఏం వంటలు నేర్చుకుని వెళ్ళాలి?” నాకు ఒళ్ళు మండుతుంది. వంటలన్నీ ఫోన్లో ఉన్నాయమ్మా. అరబ్బు వంటలు, ఇటలీ వంటలు, మీ అమ్మ చేసే పులుసు కూడా ఫోన్లోనే ఉంది. ఫోన్లో లేని సంగతులు అడగండి, చెప్తాను.

ఎమిరేట్స్‌లో ఇరవై రెండేళ్ళు ఇళ్ళల్లో వండాను. మొదట షార్జాలో రెండిళ్ళు, తర్వాత చివరి పదకొండేళ్ళు ఖోర్ ఫక్కాన్‌లో ఒకే ఇల్లు. ఖోర్ ఫక్కాన్ దుబాయ్ కాదు, కొండలు దాటి అవతల తూర్పు సముద్రం ఒడ్డున పోర్టు ఊరు అని మా నరసాపురం వాళ్ళకి చెప్పి చెప్పి విసుగొచ్చి, ఇప్పుడు నేను కూడా దుబాయ్ అనేస్తున్నాను. రిటైరై వచ్చి ఏడాది దాటింది. ఏజెంట్ల సంగతి, వీసాల సంగతి ఇక్కడ రాయను. అవి చెప్పేవాళ్ళు వీధికి నలుగురున్నారు. నేను చేసిన పని ఏంటో, అందులో నేను ఎక్కడ తప్పు చేశానో, ఎక్కడ తలెత్తుకుని నిలబడ్డానో అదే రాస్తాను.

ముందే ఒక మాట. నేను మంచి వంటమనిషిని. గొప్పకి చెప్పడం లేదు, అలాగని తగ్గించీ చెప్పను.

బషీర్ భాయ్

షార్జాలో నేను చేరిన మొదటి ఇంట్లో పెద్ద వంటవాడు బషీర్ భాయ్. హైదరాబాద్ పాతబస్తీ మనిషి. నేను ఉల్లిపాయలు కోసేదాన్ని, ఆయన వండేవాడు. రెండేళ్ళు ఒక్క వంట కూడా పక్కన నిలబెట్టి నేర్పలేదు. అడిగితే, “చూస్తున్నావు కదా, ఇంకేం కావాలి?” అనేవాడు. చాలా తిట్టుకున్నాను ఆయన్ని. ఇప్పుడైనా ఆయన మంచి గురువని అనను. నేర్పేవాడు నోరు విప్పి నేర్పాలి.

కానీ ఒక్క సంగతి ఆయన దగ్గరే పట్టుబడింది. నూనెలో ఏదైనా వేగుతుంటే ఆయన మూకుడు వైపు చూసేవాడు కాదు. వెనక్కి తిరిగి గిన్నెలు సర్దుకుంటూ, ఉన్నట్టుండి, “నికాలో, హో గయా” అనేవాడు. తీసి చూస్తే సరిగ్గా వేగి ఉండేవి. ఎలా తెలుస్తుంది భాయ్ అంటే, “నూనె మాట్లాడుతుంది బేటీ, వినాలి” అన్నాడు. లోపల తడి ఉన్నంతసేపు గట్టిగా మాట్లాడుతుంది, తడి తగ్గేకొద్దీ గొంతు తగ్గిస్తుంది. అంతే. ఇది నిజమో, నన్ను ఏడిపిస్తున్నాడో తెలియక ఆరునెలలు నేనూ చెవులు రిక్కించాను. నిజమే.

కోడి పూర్ణం

ఖోర్ ఫక్కాన్ ఇంట్లో ఐదుగురు. సార్ పోర్టులో ఆఫీసరు. మేడం స్కూల్లో టీచరు. షమ్మా అని ఒక అమ్మాయి, దాని తర్వాత ఒక తమ్ముడు. సార్ వాళ్ళమ్మని అందరం మామా కబీరా అనేవాళ్ళం, అంటే ఇంటి పెద్దమ్మ. డెబ్భై అయిదు దాటిన మనిషి. నోట్లో నాలుగు పళ్ళుంటే ఎక్కువ. నోరు మాత్రం ఊరంత.

కరోనా వచ్చి అందరూ ఇళ్ళల్లో కూర్చున్న ఏడాది, అంటే 2020లో, షమ్మాకి తోచక వంటింట్లోకి దిగింది. ఫోన్లో చూసి చికెన్ క్రోకెట్లు చేస్తానంది. ఉడికించిన కోడిని పీచుల్లా తీసి, వెన్నలో మైదా వేయించి పాలు పోసి చిక్కగా చేసిన తెల్ల సాస్‌లో కలిపి, వేలెడంత ముద్దలు చేసి, గుడ్డులో ముంచి రొట్టెపొడి అద్ది వేయించాలి. పక్కన కూరగాయల క్రీమ్ సాస్. చెప్పడానికి ఎంత సులువు! ఆ పిల్ల నూనెలో వేసిన ప్రతి ముద్దా పేలింది. మూకుడంతా తెల్లటి జావ, గోడలంతా నూనె. షమ్మా ఏడుపు మొహం పెట్టింది.

నేను స్టవ్ ఆపి, గిన్నెలో మిగిలిన ముద్దని వేలితో నొక్కి చూశాను. అర్థమైపోయింది. “ఇది పూర్ణం కదే!” అని తెలుగులోనే అనేశాను. మా గోదావరి జిల్లాల్లో పూర్ణం బూరెలు చేసేటప్పుడు శనగపప్పు బెల్లం ముద్దని గిన్నె అంచులు వదిలేదాకా తిప్పి, పూర్తిగా చల్లారాకే ఉండ చేస్తాం. పూర్ణం జారుగా ఉన్నా, వేడిగా ఉన్నా బూరె నూనెలో విచ్చిపోతుంది. ఈ క్రోకెట్టూ అంతే. ఇది కోడి పూర్ణం.

ఆ గర్వంతోనే మర్నాడు నేనొక తెలివితక్కువ పని చేశాను. పూర్ణం బాగా చేశాను, ఒక రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను, అంతవరకూ బాగుంది. రొట్టెపొడి దండగ అనుకుని, అలవాటు కొద్దీ బూరెల తోపు పిండిలా బియ్యప్పిండి, మినప్పిండి జారుగా కలిపి అందులో ముంచి వేశాను. గుండ్రంగా, నున్నగా, బంగారంలా పొంగి తేలాయి. నాకు కళ్ళు చెమర్చాయి, అంత ముచ్చటగా ఉన్నాయి. బల్ల మీద పెట్టగానే షమ్మా, “రూత్, ఇవి లుగైమాత్ కదా, షీరా ఎక్కడ?” అంది. లుగైమాత్ అంటే వాళ్ళు ఖర్జూరపు పాకం పోసుకుని తినే తీపి ఉండలు. మామా కబీరా నిజంగానే పాకం పోసుకుని కొరికింది. లోపల కోడి! నవ్వి నవ్వి ఆవిడకి పొలమారింది. వారం రోజులు ఫోన్లో చుట్టాలందరికీ చెప్పుకుంది.

ఎవరి వంటకి వాళ్ళ తోలు ఉంటుందని ఆ రోజు తెలిసింది. మన చేతికి తెలిసినదాన్ని వాడుకోవాలి, కానీ ఎంతవరకో తెలియాలి. రొట్టెపొడి అద్ది చేసిన మూడోసారికి మాత్రం ఎవరూ నోరెత్తలేదు. సాస్ సంగతి కూడా నేనే సరిచేశాను. కారెట్, కూసా అని వాళ్ళు పిలిచే లేత ఆకుపచ్చ కాయ, ఉల్లిపాయ, కోడి ఉడికించిన నీళ్ళలోనే మెత్తగా ఉడికించి, రుబ్బి, పొయ్యి ఆపాక క్రీమ్ కలపాలి. క్రీమ్ పోశాక మరిగిస్తే విరుగుతుంది. చాలామంది ఇక్కడే చెడగొడతారు. పళ్ళు లేని మామా కబీరా క్రోకెట్‌ని ఆ సాస్‌లో చిదుపుకుని తినేది. పోషణకి పోషణ, రుచికి రుచి. ఆ ఏడాది నుంచి ఆ ఇంటికి ఎవరొచ్చినా రూత్ క్రోకెట్లు ఉండాల్సిందే.

ఇంటికి నాలుక

రంజాన్‌లో వండడం వేరే ఉద్యోగం. ఇంట్లో అందరూ ఉపవాసం. సాయంత్రం మగ్రిబ్ అజాన్ పడేదాకా ఎవరూ చుక్క నీళ్ళు ముట్టరు. కానీ బల్ల మీద పది రకాలుండాలి. మరి ఉప్పు ఎవరు చూస్తారు?

వండేవాళ్ళు నాలుక కొసతో చూసి ఉమ్మేస్తే ఉపవాసం చెడదని మామా కబీరా చెప్పేది. కానీ పొరపాటున ఓ చుక్క గొంతులోకి జారితే ఎలాగని చాలామందికి జంకు. మా ఇంట్లో ఆ బాధ లేదు. నేను క్రైస్తవురాలిని కాబట్టి అన్నీ నేనే చూసేదాన్ని. మా సందులో ఇంకో మూడిళ్ళున్నాయి. అన్నిట్లోనూ వండేవాళ్ళు ముస్లిములే, ఉపవాసాల వాళ్ళే. మొదటి ఏడాదే ఎవరో ఒక గిన్నె పట్టుకొచ్చారు. “రూత్, షూఫీ మిల్హ్.” ఉప్పు చూడమని. ఆ తర్వాత అది ఆనవాయితీ అయిపోయింది. సాయంత్రపు అసర్ నమాజు అవగానే వెనక తలుపు దగ్గర చిన్న చిన్న గిన్నెలు. ఒక్కొక్కటీ చెంచాతో నోట్లో వేసుకుని, దీనికి నిమ్మకాయ, దీనికి రెండు నిమిషాల మంట, దీన్ని ముట్టుకోవద్దు, ఇలా తీర్పులిచ్చేదాన్ని. జడ్జిగారిలా ఉండేదాన్ని అనుకోండి. ఎప్పుడూ ఆహా ఓహో అననిదాన్ని, “తమామ్”, అంటే అంతా సరిగ్గా ఉంది, అన్నానంటే గిన్నె తెచ్చిన మనిషి మొహం వెలిగిపోయేది.

వేరేవాళ్ళు వండిన ఆ గిన్నెలు ఎక్కువగా మోసుకొచ్చేది పక్కింటి సితి. ఇండోనేషియా మనిషి. నలభై దాటాయి. ఎనిమిదేళ్ళు ఆ ఇంట్లో అంట్లు తోమి, ఇల్లు తుడిచి, చివరికి వాళ్ళ మేడం ఒప్పుకుంటే పొయ్యి దగ్గరికి వచ్చింది. అలా వచ్చాక దానికి మొదటి రంజాన్ 2022లో. పొయ్యి చేతికి రావడమంటే ఏంటో మీకు వెళ్ళాక తెలుస్తుంది. అంట్లు తోమేవాళ్ళ పేరు ఇంటికొచ్చిన చుట్టాలకి తెలియదు. వండేవాళ్ళ పేరు తెలుస్తుంది.

మాడిన పాలు

ఆ రంజాన్‌కి రెండు నెలల ముందు నాకు కరోనా వచ్చింది. నాలుగు రోజులు జ్వరం, పది రోజులు గదిలో. తగ్గిపోయింది. మళ్ళీ వంటింట్లోకి వచ్చిన రోజు ఉదయం ఖావా, అంటే అరబ్బు కాఫీ, కాస్తున్నాను. యాలకులు వేశాను. వాసన లేదు. ఇంకో నాలుగు వేశాను. లేదు. డబ్బా మూత తీసి ముక్కు లోపల పెట్టాను. ఏమీ లేదు. ఉప్పు నోట్లో వేసుకుంటే ఇసక నమిలినట్టుంది.

నాలుగు రోజుల్లో వచ్చేస్తుందిలే అనుకున్నాను. వారానికి పాలు మాడ్చాను. గిన్నె ముందే నిలబడి ఉన్నాను, అడుగంటి నల్లగా మాడిపోతున్నాయి, నాకు తెలియలేదు. హాల్లోంచి మేడం పరుగెత్తుకొచ్చింది. “రూత్! ఏమైంది? ఇల్లంతా వాసన!” అప్పుడైనా చెప్పాల్సింది. ఫోను మాట్లాడుతున్నాను మేడం, సారీ అన్నాను.

ఎందుకు దాచావంటే, భయం. ముక్కు, నాలుక లేని వంటమనిషి ఎందుకు ఎవరికైనా? ఖలాస్, టికెట్ కొని పంపించేస్తారు. ఇంటికెళ్ళడానికి భయం కాదు. ఇరవై ఏళ్ళు వండి, చివరికి వంట చేతకాక తిరిగొచ్చింది అనిపించుకోవడం నావల్ల కాదు. నాకున్నదల్లా ఆ పేరే.

మా జిల్లా నుంచి వచ్చి అక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేసే సువార్తక్క ఒక్కదానికే చెప్పాను. వాళ్ళ ఫ్లాట్‌లో ప్రార్థనకి చేరినప్పుడు, బాల్కనీలోకి లాక్కెళ్ళి చెప్పాను.

“చాలామందికి ఇలాగే ఉందే రూతూ. కొందరికి నెలలు పడుతుంది. రోజూ లవంగం, నిమ్మతొక్క ముక్కు దగ్గర పెట్టుకుని పీలుస్తూ ఉండు. ముందు మీ మేడంకి చెప్పెయ్యి.”

“చెప్తే పంపించేస్తారక్కా.”

“పంపిస్తే పంపిస్తారు. రేపు గ్యాస్ లీకైతే? నీకు వాసన తెలుస్తుందా? ఇంట్లో ముసలావిడ ఉంది, పిల్లలున్నారు. వంట సంగతి కాదే నేను చెప్పేది.”

వెంటనే చెప్పానా? లేదు. పొద్దునా సాయంత్రం గ్యాస్ పైపు, రెగ్యులేటరు చేత్తో తడిమి చూసుకునేదాన్ని, అంతే. ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను వినకపోవడం తప్పు. మీరెవరూ ఇలా చేయకండి.

దాచిపెట్టి ఎలా వండానంటే, చెవితో, కంటితో, చెంచాతో. ఎన్నో ఏళ్ళుగా చేత్తో వేసే ఉప్పుని చెంచాతో కొలవడం మొదలుపెట్టాను. మైదా పచ్చి వాసన పోయిందో లేదో ముక్కుకి తెలియదు కాబట్టి, వెన్నలో నురగ సన్నబడి, ఇసకలా జారడం చూసి ఆపేదాన్ని. వేపుళ్ళు చప్పుడుని బట్టి తీసేదాన్ని. రెండు నెలలు ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. లోపల కొంచెం గర్వం కూడా కలిగింది. ఆ గర్వమే నన్ను ముంచింది.

సితి సూప్

రంజాన్ మూడో రోజు. వెనక తలుపు దగ్గర సితి నిలబడి ఉంది. చేతిలో పప్పు సూప్ గిన్నె. వాళ్ళ మేడం అక్కచెల్లెళ్ళు ఇఫ్తార్‌కి వస్తున్నారు. సితి చేతి వంట వాళ్ళు తినబోయేది మొదటిసారి. మొహం పాలిపోయి ఉంది.

“రూత్, షూఫీ. మిల్హ్ ఓకే?”

చెంచాతో నోట్లో వేసుకున్నాను. వేడిగా ఉందని తప్ప ఇంకేమీ తెలియలేదు. నాకు ఇవాళ ఒంట్లో బాగోలేదు, ఇంకెవరికైనా చూపించు అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేనేం చేశానంటే, ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని, ఓ క్షణం ఆగి, “తమామ్” అన్నాను. సితి నా చెయ్యి పట్టుకుని ఊపేసి పరుగెత్తింది.

మర్నాడు సితి రాలేదు. దాని బదులు వాళ్ళింటి డ్రైవరు చెప్పాడు. ఆ సూప్ ఉప్పు కషాయమట. సితి కోడిరుచి బిళ్ళలు వేసింది, వాటిలోనే ఉప్పుంది. పైన ఉప్పు వేసింది. అది చూడకుండా వాళ్ళ మేడం కూడా వేసింది. చుట్టాల్లో ఒకావిడ గుక్క తాగి పక్కన పెట్టేసిందట. వాళ్ళ మేడంకి తల కొట్టేసినట్టయి, అందరి ముందూ సితిని అరిచి, రేపట్నించి పొయ్యి ముట్టుకోవద్దు, అంట్లు చూసుకో అందట. సితి నా పేరు చెప్పలేదు. రూత్ చూసి బాగుందంది అని ఒక్క మాట అని ఉంటే బయటపడేది. అనలేదు.

నా పేరు నిలుపుకోవడానికి ఆడిన అబద్ధం వల్ల, ఎనిమిదేళ్ళకి పొయ్యి దగ్గరికి వచ్చిన మనిషి మళ్ళీ సింకు దగ్గరికి వెళ్ళింది. ఆ రోజు వంట ఎలా చేశానో దేవుడికే తెలుసు.

మామా కబీరా కోపం

మర్నాడు అసర్ తర్వాత మామా కబీరా గదిలోకి వెళ్ళి, ఆవిడ కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను. మనకి వచ్చిన వంటింటి అరబీలో చెప్పాను.

“మామా, లిసాన్ మాఫీ. షమ్ మాఫీ.” నాలుక లేదు, వాసన లేదు. “రెండు నెలల నుంచి.”

ఆవిడ జపమాల తిప్పడం ఆపి నా మొహంలోకి చూసింది. “నాలుక చూపించు” అంది. చూపించాను. “ఉంది కదా!” అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మళ్ళీ చెప్పాను, కరోనా సంగతి, పాల సంగతి. “అల్లా ఇస్తాడు, తీసుకుంటాడు, మళ్ళీ ఇస్తాడు” అని నా తల మీద చెయ్యి పెట్టింది. అక్కడితో ఆపి లేచి వచ్చేస్తే బాగానే ఉండేది. సూప్ సంగతి కూడా చెప్పాను.

చెయ్యి తీసేసింది. ఆవిడకి కోపం రావడం నేను అంతకుముందు చూశాను, కానీ నా మీద రావడం అదే మొదలు.

“నాలుక పోతే నీ తప్పు కాదు. దాని వంట పాడైతే నీ తప్పు. ఇక్కడ నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడిస్తే ఏం లాభం? నేనా ఆ సూప్ తాగింది? వెళ్ళు. ఆ ఇంటికి వెళ్ళి చెప్పు.”

“మామా, చెప్తే ఇక్కడ మేడంకి తెలిసిపోతుంది.”

“తెలియనీ. యల్లా, లే.”

తల మీది షేలా సర్దుకుని, కర్ర తీసుకుని, నన్ను తలుపు దాకా తోలింది.

పక్కింటి మేడం హాల్లో ఉంది. ఇంగ్లీషు బాగా వచ్చిన మనిషి. నిలబడే చెప్పేశాను. సూప్ మొదట నేను చూశాను, నాకు రుచి తెలియదు, తెలియకుండానే బాగుందన్నాను, సితి తప్పు లేదు. “నేను వేసిన ఉప్పు కూడా ఉంది అందులో” అంది ఆవిడ. వెంటనే ఫోను తీసుకుని మా మేడంకి చేసింది. నా ముందే.

నేను ఇంటికొచ్చేసరికి మేడం వంటింట్లో నిలబడి ఉంది.

ఉప్పు ఒక్క చోటే

ఇక్కడ నా ముక్కు సంగతి చెప్పేస్తాను, మీరు దానికోసం ఎదురుచూడనక్కర్లేదు. పూర్తిగా రాలేదు. ఏడాదికి నిమ్మకాయ తెలిసింది, తర్వాత ఉప్పు, కారం. ఖావా వాసన ఇప్పటికీ సగమే. ఆ ఇంట్లో ఆ తర్వాత రెండేళ్ళకు పైగా అలాగే వండాను. కాబట్టి ఇదేదో అద్భుతం జరిగిన కథ కాదు.

మేడం మొదట అడిగింది గ్యాస్ గురించే. సువార్తక్క చెప్పిన మాటే. “నా పిల్లలు ఈ ఇంట్లో నిద్రపోతున్నారు రూత్” అంది. అరిచి ఉంటే బాగుండేది. నేను తలెత్తలేకపోయాను. ఆ వారమే గ్యాస్ లీకైతే మోగే యంత్రం పెట్టించింది. తర్వాత అడిగింది, “ఎల్లుండి ఇఫ్తార్‌కి ముప్ఫై మంది వస్తున్నారు. రెండేళ్ళ తర్వాత కుటుంబం అంతా కలుస్తోంది. హోటల్ నుంచి తెప్పించమంటావా?”

అది నన్ను పంపించేయడానికి మొదటి మెట్టని నాకు తెలుసు. ఆ ఒక్క రోజు బయటి తిండి వస్తే, ఇక పొయ్యి నాది కాదు. 

“నేనే వండుతాను మేడం. అన్నీ కొలిచి వండుతాను. ఎవరైనా నాలుక కొసతో చూస్తే చాలు.”

ఆవిడ ఆలోచిస్తుంటే, వెనక నుంచి మామా కబీరా కర్ర చప్పుడు. “నేను కూర్చుంటాను” అంది.

ఆ రెండు రోజులు నేను వండినట్టు జీవితంలో ఎప్పుడూ వండలేదు. కొత్తగా వెళ్ళేవాళ్ళు ఇది మాత్రం రాసుకోండి. ఉప్పు ఒక్క చోటే వెయ్యాలి. క్రోకెట్‌లోకి ఉప్పు ఎన్ని దారుల్లో వస్తుందో తెలుసా? వెన్నలో ఉంటుంది, రుచి బిళ్ళలో ఉంటుంది, చీజ్‌లో, రొట్టెపొడిలో ఉంటుంది. నాలుక ఉన్నన్నాళ్ళూ ఇవన్నీ లెక్కపెట్టలేదు, రుచి చూసి సర్దేసేదాన్ని. ఇప్పుడు దారులన్నీ మూశాను. ఉప్పు లేని వెన్న తెప్పించాను. బిళ్ళలు పారేసి కోడి ఎముకలతో నేనే నీళ్ళు కాచాను. చీజ్ మానేశాను. రొట్టె ఎండబెట్టి పొడి నేనే చేశాను, ఆ రొట్టెలో ఎంత ఉప్పుందో దాని సంచీ మీద షమ్మా చేత చదివించుకున్నాను. ఇక మిగిలింది ఒక్క చోటు, తెల్ల సాస్. కిలో కోడికి ఎన్ని చెంచాలో, నాలుక బాగున్న రోజుల్లో షమ్మా నా చేతి కింద గిన్నె పెట్టి కొలిచి తన నోట్‌బుక్‌లో రాసుకుంది. ఆ లెక్కే తీసుకున్నాను.

ముందురోజు పూర్ణం గిన్నె అంచులు వదిలేదాకా తిప్పాను. భుజం పడిపోయింది. ట్రేలో పరిచి, గాలి తగలకుండా కాగితం అంటించి ఫ్రిజ్‌లో పెట్టాను. మర్నాడు నూట ఇరవై ముద్దలు చుట్టాను. మామా కబీరా ఉదయం నుంచి వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. సాస్ ఒక బొట్టు నాలుక కొసకి తగిలించుకుని సింకులో ఉమ్మేసి, “నిమ్మకాయ” అంది. పిండాను. రెండోసారి చూసి తల ఊపింది.

కోడి ముద్ద ఆవిడ ముందు పెట్టాను. ముట్టుకోలేదు.

“కొలిచావా?”

“కొలిచాను మామా.”

“రెండుసార్లు?”

“మూడుసార్లు.”

“అన్నీ నేనే చూస్తే వంట నాది అవుతుంది. నువ్వు చెప్పు. తమామ్?”

నాలుగు రోజుల క్రితం ఎంత తేలిగ్గా అనేశాను ఆ మాట! చేతిలో ఉన్న ముద్దని వేళ్ళతో నొక్కాను. గట్టిగా ఉంది, చల్లగా ఉంది, ఎక్కడా పగుళ్ళు లేవు. ఇన్నేళ్ళు నా చేతులకి ఇంకేమీ తెలియకపోయినా ఇది తెలుసు.

“నాలుకకి తెలియదు మామా. చేతికి మాత్రం తమామ్.”

“ఖలాస్. వేయించు.”

అజాన్ పడ్డాక

ఖర్జూరం, నీళ్ళు, నమాజు అయ్యాక అందరూ బల్లల చుట్టూ చేరారు. నేను అజాన్‌కి కాస్త ముందే మొదలుపెట్టి, నూనె మాట వింటూ ఒక్కో వాయి తీస్తున్నాను. ఒక్కటీ పేలలేదు. షమ్మా పళ్ళేలు మోసుకెళ్తోంది. పక్కింటి మేడం కూడా వచ్చింది, సాయానికి సితిని తీసుకొచ్చింది. సితి నా వైపు చూడకుండా సింకు దగ్గర నిలబడి గ్లాసులు కడుగుతోంది.

హాల్లో సందడి ఒక్కసారి తగ్గింది. తలుపు సందులోంచి చూశాను. సార్ పెద్దక్క ఎవరు చేశారని అడిగినట్టుంది. మేడం లేచి నిలబడి చెప్తోంది. “మా రూత్. కరోనా వచ్చినప్పటి నుంచి తనకి రుచి, వాసన తెలియవు. అయినా తనే చేసింది.” ఇంత కాలం నేను ఎవరికీ తెలియకూడదనుకున్న సంగతి, ముప్ఫై మంది ముందు! నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆ పెద్దక్క చేతిలో ఉన్న సగం క్రోకెట్‌ని తిప్పి తిప్పి చూసి, మిగతాది సాస్‌లో ముంచుకుని నోట్లో వేసుకుని, ఇంకో రెండు పళ్ళెంలో వడ్డించుకుంది. తర్వాత అందరి చేతులూ పళ్ళేల మీదకి వెళ్ళాయి. షమ్మా ఖాళీ పళ్ళేలతో పరుగెత్తుకొచ్చి, “రూత్, ఇంకా! ఇంకా!” అంది. సిగ్గెక్కడికి పోయిందో, నా ఛాతీ రెండింతలైంది.

అప్పుడు పక్కింటి మేడం వంటింట్లోకి వచ్చింది. ఒక చిన్న ప్లేటులో రెండు క్రోకెట్లు, పైన సాస్. సింకు దగ్గరికి వెళ్ళి కుళాయి కట్టేసి, “సితీ, చేతులు తుడుచుకుని తిను. రేపు సూప్ నువ్వే చెయ్యాలి. ఉప్పు నేను ముట్టుకోను” అని ప్లేటు దాని చేతికిచ్చి వెళ్ళిపోయింది.

సితి అప్పటికి ఖర్జూరం, నీళ్ళతో ఉపవాసం విడిచింది తప్ప ఇంకేమీ తినలేదు. చేతులు తుడుచుకుంది. నేను నూనెలో వాయి ఉన్న సంగతి మర్చిపోయి దాన్నే చూస్తున్నాను. కొరికింది. నెమ్మదిగా నమిలింది. హాల్లో ముప్ఫై మంది మెచ్చుకున్నా, ఈ మనిషి ఏమంటుందో అన్నదే నాకు కావాల్సింది.

“మిల్హ్?” అన్నాను.

పూర్తిగా మింగేదాకా ఆగింది. నా కళ్ళలోకి చూసింది.

“సరిగ్గా ఉంది” అంది. “నేను అబద్ధం చెప్పను, రూత్.”

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఇరవై రెండేళ్ళలో నా వంటని ఎవరెవరో మెచ్చుకున్నారు, అన్నీ గుర్తు కూడా లేవు. ఇది మాత్రం మర్చిపోను. సితి రెండోది కూడా తినేసింది. తర్వాత నా పక్కకి వచ్చి, జల్లిగరిటె తీసుకుని, నేను వదిలేసిన వాయిని మాడకుండా నూనెలోంచి తీసింది.